పదివేల బేస్‌కి పదును

మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మా పీజీ. శనివారం పొద్దున పదకొండు దాకా రూమ్మేట్ లేవడు కాబట్టి ఆ మూడు గంటలూ నావి. మంచం మీద పాత దుప్పటి పరిచి, మెడ కింద దిండు మడిచి పెట్టి, బేస్ గిటార్‌ని పడుకోబెట్టాను. పదివేలకి కొన్న సెకండ్ హ్యాండ్ సరుకు. అమ్మిన కుర్రాడు కొండాపూర్‌లో గది ఖాళీ చేసి పూణే వెళ్లిపోతూ, "మక్ఖన్ లెక్క ఉంటది బ్రో" అన్నాడు. లావు తీగ మీద మూడో మెట్టు నొక్కితే స్వరానికి బదులు జర్రుమనే మోత. వాల్యూమ్ తిప్పితే తాలింపు చిటపట. ప్లగ్ పెట్టిందే తడవు, నేనింకా చెయ్యి వెయ్యకముందే, యాంప్ తనంతట తాను ఒక శ్రుతి పట్టుకుని కూర్చునేది.

బ్రాండ్ పేరెందుకు లెండి. ఈ ధరలో వచ్చే బేస్‌లన్నిటికీ కాస్త అటూ ఇటూగా ఇవే జబ్బులు. ఇవాళ చెక్క కోసే పని కంప్యూటర్ నడిపే మెషీన్లది. పదివేల దాని ఒళ్లయినా లక్ష రూపాయల దాని ఒళ్లయినా కొలతల్లో పెద్ద తేడా ఉండదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. మెట్లు అరగదీసి సమం చేయడం, నట్టులో గాడులు కోయడం, వైర్లు శుభ్రంగా అతకడం, ఇవన్నీ ఒక మనిషి కూర్చుని ఓపిగ్గా చేయాల్సిన పనులు. ధర తగ్గించాలనుకున్న కంపెనీ మొదట కోసేసేది ఆ గంటల్నే. అందుకే అప్‌గ్రేడ్ అనగానే కొత్త పికప్‌లూ, బంగారు రంగు బ్రిడ్జీ వెతుక్కోకుండా, ఫ్యాక్టరీలో పెట్టని ఆ గంటల్ని మన ఇంట్లో పెడితే ముప్పాతిక వంతు పని అయిపోతుంది. నాకు మూడు శనివారాలు పట్టింది.

హైటెక్ సిటీలో బేస్‌కున్న గిరాకీ కూడా చెప్పాలి. ఆఫీసు యాన్యువల్ డేకి బ్యాండు కడదామంటే పాడేవాళ్లు పదిమంది, గిటార్ వాళ్లు ఐదుగురు తేలతారు. బేస్ పట్టేవాడు ఒక్కడూ దొరకడు. కాబట్టి చేతిలో బేస్ ఉన్నవాడిని ఆడిషన్ కూడా అడగరు. నేనూ ఆ దారినే దూరాను. ఇక చౌక బేస్ అని నామోషీ పడే పని లేదు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో హాఫ్‌నర్ బేస్ కొన్నది సుమారు 30 పౌండ్లకి. ఫెండర్ కొనే స్తోమత అప్పుడాయనకు లేదు.

ముందు రోగం రాసుకోండి

నేను టెస్టింగ్‌లో పనిచేస్తాను. తప్పు ఎక్కడుందో రాసుకోకుండా బాగుచేయడం మొదలెడితే ఏమవుతుందో రోజూ చూస్తున్నవాణ్ని. నాలుగు తీగలు, ఇరవై మెట్లు, మొత్తం ఎనభై స్వరాలు. ఒక్కొక్కటీ నొక్కి, వాయించి, ఎక్కడ జర్రుమంటుందో, ఎక్కడ స్వరం పుట్టగానే చచ్చిపోతుందో మాస్కింగ్ టేపు ముక్కల మీద రాసి ఆ మెట్టు పక్కనే అంటించాను. ఎనభైలో పదకొండు ఫెయిలు. సగానికి పైగా లావు తీగల వైపే, మొదటి మూడు మెట్ల మధ్యే.

ఆ తర్వాత మెడని చూడాలి. వడ్రంగి పలకని ఎత్తి ఒక కన్ను మూసుకుని చూస్తాడే, అలాగే బ్రిడ్జ్ వైపు నుంచి మెడ పొడవునా చూడండి. ముందుకో వెనక్కో వంగి ఉంటే భయం లేదు, లోపలున్న ట్రస్ రాడ్ సరిచేస్తుంది. అప్పడంలా మెలి తిరిగి ఉంటే మాత్రం ఆ బేస్ కొనకండి. కొనేసి ఉంటే దాని మీద ఇక రూపాయి పెట్టకండి. నాది కాస్త ముందుకు వంగి ఉంది, మెలి లేదు. మెడని ఒంటికి బిగించే నాలుగు స్క్రూలలో ఒకటి వదులు. ఒక్క నిమిషం పని.

ఫ్రెట్‌ని నేను మెట్టు అనే అంటాను. వీణ వాళ్ల మాట అది. మా అమ్మమ్మ ఇంట్లో ఓ వీణ ఉండేది. వీణకి 24 మెట్లని మైనంలో కూర్చి, చెవితో స్వరం చూసుకుంటూ జరిపి నిలబెడతారు. మైనం దెబ్బతింటే మళ్లీ కూర్పించాలి, దానికో మనిషిని వెతుక్కుని ఇంటికి పిలిపించుకోవాలి. బేస్‌కి ఆ బాధ లేదు. చెక్కలో కోసిన సన్నటి గాడిలో లోహపు తీగని దిగ్గొడతారు, అంతే. మైనం లేదు కదా, ఇక కదలవులే అనుకుంటే మాత్రం పొరపాటే.

నాలుగో మెట్టు

తీగలు వదులు చేసి పక్కకి తప్పించి, ట్రస్ రాడ్ తిప్పి మెడని తిన్నగా చేసుకున్నాను. ఇప్పుడు ఆరంగుళాల స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి మెట్ల మీద ఆనించి అటూ ఇటూ నొక్కుతూ పోవాలి. సమంగా ఉన్నచోట స్కేలు కదలదు. ఎత్తుగా ఉన్న మెట్టు మీద తూగుబల్లలా ఊగుతుంది. ఏడో మెట్టు దాటాక మెట్లు దగ్గరవుతాయి కాబట్టి అక్కడ పాత డెబిట్ కార్డు అంచు చాలు.

నాలుగో మెట్టు దగ్గర స్కేలు టకటకా ఊగింది. లావు తీగ వైపు మెట్టు చివర చెక్క నుంచి లేచి ఉంది. గోరు పెడితే కింద దూరింది. మూడో మెట్టు నొక్కినప్పుడు జర్రుమన్నది ఇదే. నేను నొక్కిన మెట్టుది తప్పు కాదు, దాని పక్కది అడ్డం వస్తోంది. యూట్యూబ్‌లో చూసి నెలరోజులుగా నేను బ్రిడ్జ్ దగ్గర తీగని ఎత్తుతూ పోయాను. మోత తగ్గినట్టే ఉండేది, చెయ్యి మాత్రం నొప్పెట్టేది.

మెట్టుకి రెండు వైపులా మాస్కింగ్ టేపు వేశాను. మెడ కింద ఇసుక నింపిన సంచీ పెట్టి, మెట్టు మీద చిన్న టేకు ముక్క ఆనించి సుత్తితో నెమ్మదిగా కొట్టాను. దిగింది. చెయ్యి తీయగానే మళ్లీ వెంట్రుకవాసి లేచింది. అప్పుడు పల్చటి ఫెవిక్విక్ ఒక్క చుక్క ఆ సందులోకి పీల్చుకునేలా వదిలి, పొంగింది టిష్యూతో తుడిచి, టేకు ముక్క మీద రూమ్మేట్ డంబెల్ పెట్టి అరగంట వదిలేశాను. అరగంట తర్వాత స్కేలు పెడితే ఊగలేదు. ఆ ఒక్క మెట్టుతో పదకొండులో ఆరు తప్పులు పోయాయి. ఖర్చు ఐదు రూపాయల ట్యూబు.

మిగిలిన ఎత్తు మెట్లు రెండే. వాటి నెత్తిన మార్కర్ పెన్ను పూసి, 600 నంబరు ఎమరీ కాగితాన్ని చదునైన చెక్కకి చుట్టి, స్కేలు ఊగడం ఆగేదాకా రుద్దాను. నెత్తి చదునైపోతే స్వరం మొద్దుబారుతుంది కాబట్టి, రెండు భుజాలనూ సన్న ఆకురాయితో మళ్లీ గుండ్రం చేయాలి. ఎక్కడ చూసినా ఎత్తుపల్లాలే అయితే ఇలా ఒక్కొక్కటీ కుదరదు. తిన్నని అల్యూమినియం స్పిరిట్ లెవెల్‌కి ఎమరీ అంటించి మెడ పొడవునా అన్నిటినీ ఒకేసారి రుద్దాలి. ఆ పనికి మాత్రం మొదటిసారే దిగకండి.

మెట్ల చివర్లు ఇంకో గొడవ. మన ఊళ్లో మార్చి నుంచి వానలు పడేదాకా గాలి ఎండిపోయి ఉంటుంది. చెక్క తడి కోల్పోయి సన్నబడుతుంది, లోహం సన్నబడదు. దాంతో మెట్ల కొసలు అంచు దాటి బయటికొచ్చి అరచేతికి రంపం పళ్లలా తగులుతాయి. ఆకురాయిని కాస్త వాలుగా పట్టుకుని అంచు వెంట నాలుగుసార్లు లాగితే పోతాయి. తర్వాత 1000, 2000 నంబరు ఎమరీతో మెట్లన్నీ అద్దంలా అయ్యేదాకా రుద్దండి. ఈ పనులన్నిటికీ ముందు పికప్‌లని టేపుతో కప్పేయడం మర్చిపోవద్దు. సన్న రజను లోపలికి పోతే వదలదు.

టేపు తీసేశాక వేళ్ల కింది పలకని పొడిగుడ్డతో తుడిచి, ఒక్క చుక్క నిమ్మనూనె. కొబ్బరినూనె పెట్టకండి, ముక్క వాసన వస్తుంది. ఆ పలక ఏ చెక్కో చూశారా? 2017లో రోజ్‌వుడ్ జాతి మీద అంతర్జాతీయ వ్యాపారానికి ఆంక్షలు పడ్డాక, చౌక గిటార్లు చేసే కంపెనీలు వేరే చెక్కల వైపు మళ్లాయి. 2019లో వాయిద్యాలకి మినహాయింపు వచ్చినా చాలామంది వెనక్కి పోలేదు. అలా వాడుకలోకి వచ్చిందే 'ఇండియన్ లారెల్'. మొసలి వీపులాంటి బెరడుతో మన నల్లమలలో కనిపించే నల్లమద్ది ఉందే, అదే. మద్దిచెట్టు ఇండొనేషియా ఫ్యాక్టరీ దాకా పోయి ఫెండర్ వారి స్క్వయర్ పేరుతో మాదాపూర్‌కి తిరిగొస్తోంది.

నట్టు, నేను చేసిన తప్పు

మెడ చివర తీగలు ఆని ఉండే చిన్న ప్లాస్టిక్ దిమ్మే నట్టు. చౌక బేస్‌లలో దాని గాడులు లోతు చాలకుండా వదిలేస్తారు. ఎక్కువ కోస్తే పాడైపోతుంది, తక్కువ కోస్తే కొన్నవాడి వేళ్లు పడతాయి పాట్లు. పరీక్ష తేలికే. తీగని మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి మెట్టు పైన ఎంత సందుందో చూడండి. ఒక కాగితం మందం ఉంటే బాగున్నట్టు. నాకు డెబిట్ కార్డు దూరింది. అందుకే మొదటి మెట్టు మీద ఏ స్వరం నొక్కినా ట్యూనర్ కాస్త ఎక్కువే చూపించేది.

నట్టు కోసే అసలైన ఆకురాళ్లు ఖరీదు. సన్న తీగలకి గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు పుల్లల కట్ట పనికొస్తుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వెల్డింగ్ సామాన్ల కొట్లో అడగండి. లావు తీగలకి గుండ్రటి సన్న ఆకురాయి. గాడి వాలు ట్యూనర్ల వైపు కిందికి ఉండాలి. రెండుసార్లు రుద్దడం, తీగ పెట్టి చూడడం, మళ్లీ రెండుసార్లు. నేను అన్నిటికన్నా లావైన 'ఇ' తీగ దగ్గర ఫోన్ మాట్లాడుతూ రుద్దాను. నొక్కని తీగే మొదటి మెట్టుకి తగిలి మోగడం మొదలెట్టింది.

దీనికి మందు వంటింట్లోనే ఉంది. గాడిలో చిటికెడు వంటసోడా నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే క్షణంలో రాయైపోతుంది. కాస్త పొగ వస్తుంది, కిటికీ తెరుచుకోండి. ఆరాక మళ్లీ కోసుకోవచ్చు. నాది అలా ఏడాది నుంచీ నడుస్తోంది. ఎముక నట్టు తెచ్చుకున్నాను గానీ ఇంకా వెయ్యలేదు. కొనేవాళ్లు వెడల్పు కొలుచుకుని వెళ్లండి. జాజ్ బేస్ తరహా మెడకి 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ తరహాకి సుమారు 41.

తీగలు బిగించాక

కొత్త తీగలు ఈ దశలో వెయ్యాలి, ముందే వేసి పాడుచేసుకోకండి. 45 నుంచి 105 దాకా ఉన్న నికెల్ సెట్టు మామూలు కొలత. నాలుగూ శ్రుతిలో ఉన్నప్పుడు మెడ మీద పడే లాగుడు సుమారు 80 కిలోలు. ఒక మనిషి వేలాడినట్టు. అందుకే మెడ కొలతలన్నీ తీగలు శ్రుతిలో ఉండగానే తీసుకోవాలి.

కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి. కొత్తగూడలో బైకు మెకానిక్ దగ్గరికెళ్లి, "అన్నా, టాపెట్ గేజ్ ఒక్క పూట ఇస్తవా?" అన్నాను. "ఏం బండి తమ్మీ?" "బండి కాదన్నా, గిటార్." చేతిలో పానా పక్కన పెట్టి నన్నోసారి చూశాడు. "గిటార్‌ల టాపెట్లు ఉంటయా?" అని, గేజ్ గుడ్డతో తుడిచి మరీ ఇచ్చాడు. సాయంత్రం తిరిగిచ్చేటప్పుడు, "సెట్టయిందా?" అని మాత్రం అడిగాడు.

'ఇ' తీగని ఎడమచేత్తో మొదటి మెట్టు దగ్గర, కుడి మోచేత్తో ఆఖరి మెట్టు దగ్గర నొక్కితే తీగే మీకు తిన్నని గీత అవుతుంది. ఏడో మెట్టు మీద సందు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు దూరీ దూరనట్టు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని కుడివైపు తిప్పాలి, తక్కువుంటే ఎడమవైపు. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. గట్టిగా పట్టేసినట్టనిపిస్తే ఆపేయండి, రాడ్ తెగితే మెడే పోతుంది. తిప్పాక ఒక రాత్రి వదిలేసి మర్నాడు మళ్లీ కొలవండి. చెక్క తాపీగా కదులుతుంది.

ఆ తర్వాతే తీగల ఎత్తు. బ్రిడ్జ్ మీది చిన్న స్క్రూలని సన్నటి ఎలెన్ కీతో తిప్పి, పదిహేడో మెట్టు మీద 'ఇ' తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికన్నా సన్నదైన 'జి' తీగ కింద 2 ఉంచితే చాలామంది చేతికి సరిపోతుంది. దీనికి నా దగ్గరో నాటు కొలత ఉంది. డెబిట్ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంకెలు పైకి తేలనివి చూసుకోండి. మూడు కలిపి పెడితే దాదాపు 2.3. 'ఇ' కింద మూడూ ఒరుసుకోకుండా దూరాలి, 'జి' కింద మూడోది దూరకూడదు. జీతం అకౌంటు, పాత కంపెనీ అకౌంటు, ఊళ్లో బ్యాంకుది... ఐటీవాడి పర్సులో మూడు కార్డులకి కొదవా?

చివరికి స్వరం దిద్దడం. పన్నెండో మెట్టు మీద తీగని తాకీ తాకకుండా మీటితే వచ్చే హార్మోనిక్, అదే చోట నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటవ్వాలి. నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కని) వెనక్కి, తక్కువుంటే మెడ వైపుకి. జరిపే ముందు తీగ వదులు చేయండి. ఫోన్ ట్యూనర్ యాప్ 'ఇ' తీగ దగ్గర తడబడితే దాని తప్పు కాదు. 41 హెర్ట్జ్ స్వరాన్ని ఫోన్ మైకు సరిగా వినలేదు. పన్నెండో మెట్టు హార్మోనిక్ వినిపించండి, పట్టుకుంటుంది.

50 హెర్ట్జ్ శ్రుతి

యాంప్ తనంతట తాను పట్టే శ్రుతి సంగతి మిగిలింది. మన కరెంటు 50 హెర్ట్జ్. 'ఇ' తీగ మూడో మెట్టు మీద పలికే 'జి' స్వరం 49 హెర్ట్జ్. అంటే కరెంటు హోరు సరిగ్గా బేస్ వాయించే చోటే, 'జి'కి పిసరంత పైన, కూర్చుంటుంది. మామూలు గిటార్‌లో ఈ హోరు వాయిద్యం స్వరాలకి కింద పడి ఉంటుంది. బేస్‌లో మీ స్వరంతోనే పోట్లాడుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కనుక వాళ్ల యాంప్‌ల హోరు 'బి' దగ్గర్లో ఉంటుంది.

బేస్ విప్పే ముందు గోడ చూడండి. మా పీజీలో మూడు పిన్నుల ప్లగ్గుకి మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఎర్త్ లేని సాకెట్‌కి యాంప్ పెట్టి, వైరుతో యాంప్‌కి కలిసి ఉన్న లోహపు తీగల మీద చేతులు వేసి వాయిస్తున్నానన్న మాట. హోరు సంగతి తర్వాత, ప్రాణం సంగతి ముందు. ఇది మీరు పేచ్‌కస్ పట్టుకుని చేసే పని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఓనర్ అంకుల్‌తో మూడు వారాలు తగువు పడ్డాక వైరు వేయించారు. సగం హోరు ఆ రోజే పోయింది.

మిగతా సగానికి ఒక చిట్కా పరీక్ష ఉంది. వాల్యూమ్ పెంచి, తీగల మీద చెయ్యి వెయ్యండి. హోరు తగ్గితే తీగలకి గ్రౌండ్ అందుతోంది, రాగి టేపు కవచం ఒక్కటే కావాలి. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్ కిందికి పోయే గ్రౌండ్ వైరు ఎక్కడో వదిలేసింది. నాకు మార్పు లేదు. బ్రిడ్జ్ స్క్రూలు విప్పి ఎత్తి చూస్తే వైరు ఉంది, కానీ దాని కొస పెయింటు కింద పడి ఉంది. పెయింటు గీకి, కొస ఒలిచి, లోహానికి ఆనేలా పరిచి బ్రిడ్జ్ బిగించాను.

సామాన్లకి కోఠి. దుర్గం చెరువు స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే గుజరాతీ గల్లీ నడక దూరం. రాగి ఫాయిల్ టేపు, 60/40 సోల్డర్, 40 వాట్ల ఐరన్, ఎ250కె అని రాసి ఉండే రెండు పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగేవి), 473 అని ముద్ర ఉన్న ఒక కెపాసిటర్. 473 అంటే 0.047 మైక్రోఫారడ్. వాల్యూమ్ చిటపటకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూసి, తగ్గకపోతేనే పాట్ మార్చండి. పాట్ కొనేటప్పుడు కౌంటరు మీదే మీటర్ పెట్టించండి. నాకిచ్చిన పెద్దాయన పాట్ కాడని సరిగ్గా మధ్యకి తిప్పి, "దేఖో, పాతిక ముప్పై చూపిస్తే లాగ్, నూట పాతిక చూపిస్తే లీనియర్. మీ వాల్యూమ్‌కి లాగే కావాలి" అని రెండు పక్కన పెట్టి, మూడోది ఇచ్చాడు. చెవికి వాల్యూమ్ సమంగా పెరిగినట్టు వినిపించాలంటే లాగ్ పాట్ కావాల్సిందే. ఇంకో జాగ్రత్త: చౌక బేస్‌లకి చిన్న పాట్లు వేస్తారు. పెద్ద సైజువి తెస్తే రంధ్రం పెద్దది చేయాల్సొస్తుంది.

అతికే ముందు పాత వైరింగ్‌కి రెండు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. కంట్రోల్ గుంతలో, పికప్ గుంతల్లో అడుగూ గోడలూ మొత్తం రాగి టేపు పరచి, ముక్కకి ముక్కకి మధ్య ఒక చుక్క టంకం. పిక్‌గార్డ్ వెనకా పరచాలి. అన్నీ కలిశాయో లేదో మల్టీమీటర్ బీప్‌తో చూసుకోండి. జాక్ లోపలి కొస మాత్రం రాగికి తగలకూడదు, తగిలితే బేస్ మూగబోతుంది. పాట్ వీపు మీద టంకం నిలవాలంటే ముందు ఎమరీతో గరుకు చేయాలి. ఐరన్ మూడు నాలుగు సెకన్లు మించి ఉంచితే లోపల కాలిపోతుంది. నేను ఒకటి కాల్చాను. అందుకే రెండు కావాల్సిన చోట మూడు కొనండి.

సాయంత్రం ప్లగ్ పెట్టి వాల్యూమ్ పూర్తిగా తిప్పాను. ఏమీ వినిపించలేదు. యాంప్ ఆన్ చేయలేదేమోనని రెండుసార్లు చూశాను.

డబ్బు ఎక్కడ పెట్టాలి

తీగల మీద పెట్టండి, ఆ తర్వాతే మిగతావి. బరువైన బ్రిడ్జ్ వల్ల స్వరం మారిపోతుందని అమ్మేవాళ్లు అంటారు. నా చెవికి ఆ ఖర్చుకి తగ్గ తేడా ఎప్పుడూ తెలియలేదు. స్క్రూలు తుప్పు పట్టి తిరగనప్పుడు మారిస్తే చాలు. ట్యూనర్లు జారుతున్నాయంటే నూటికి తొంభై పాళ్లు తీగ చుట్టడంలోనే తప్పుంటుంది. మూడు చుట్లు కిందికి దిగేలా చుట్టండి.

పికప్ ఆఖరు. బేస్ చేతికి హాయిగా, చప్పుడు శుభ్రంగా అయ్యాక రెండు నెలలు వాయించండి. అప్పటికీ స్వరం పల్చగా ఉందనిపిస్తే మార్చండి. మార్చేముందు ఎత్తు తగ్గించి పెంచి చూడండి, రెండు స్క్రూల పని. రెండు ముక్కలుగా ఉండే ప్రెసిషన్ పికప్ 1957 నుంచీ ఉన్న నమూనా. రెండు ముక్కలూ ఒకదాని హోరు ఒకటి కొట్టేసుకుంటాయి. జాజ్ పికప్‌లు రెండూ పూర్తిగా తెరిచినప్పుడు హోరుండదు, ఒకటి తగ్గిస్తే వస్తుంది. ఇది లోపం అనుకుని రిపేరుకి ఇవ్వకండి. జాజ్ వాటిలో మెడ వైపుది కాస్త పొట్టి, బ్రిడ్జ్ వైపుది పొడవు. చౌక బేస్‌లలో కొన్నిసార్లు రెండూ ఒకే సైజు ఉంటాయి. మిల్లీమీటర్ స్కేలు పెట్టి కొలిచాకే ఆర్డరు పెట్టండి.

ఉచితంగా వచ్చే మార్పు ఒకటి చెప్తాను. ఆఫీసులో కొత్త ల్యాప్‌టాప్ డబ్బాలో వచ్చే బూడిద రంగు ఫోమ్ ఉంటుంది కదా. దాన్ని రెండు వేళ్ల మందాన కోసి బ్రిడ్జ్ దగ్గర తీగల కింద దూర్చండి. స్వరం గబుక్కున ఆగి, గుండ్రంగా, పాత రికార్డుల్లో బేస్‌లా వినిపిస్తుంది. మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 ఫెండర్‌లోనూ ఫోమే. గీతాంజలి (1989)లో ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని పక్కన వాయించి చూడండి, ఈ ఫోమ్ ముక్క విలువ తెలుస్తుంది.

అందం పని నేను పిక్‌గార్డ్‌తో సరిపెట్టాను. పాత పిక్‌గార్డ్‌నే నమూనాగా ఇచ్చి, నేమ్‌ప్లేట్లు చేసే షాపులో 2 మిల్లీమీటర్ల యాక్రిలిక్ లేజర్‌తో కోయించాను. రాయదుర్గంలో 2023లో తెరిచిన తయారీ కేంద్రం టీ-వర్క్స్‌లో అన్ని మెషీన్లూ ఉన్నా, ఒక్క ముక్కకి నేమ్‌ప్లేటాయనే చాలు. 3 మిల్లీమీటర్లది తీసుకుంటే పాట్ మరలు పైకి చాలక నట్టు పట్టదు. రంగు, చేర్యాల నకాశీ బొమ్మల వెనక ఉండే ఆ ఎరుపు. శిల్పారామం మెట్ల మీద కూర్చుని ఆ ఎరుపుని ఫోన్‌లో ఫోటో తీసుకుని పెయింట్ షాపులో చూపించాను. బొమ్మలు వెయ్యడం నాకు రాదు, ఎరుపు వరకే.

మెట్లన్నీ పీకేసి ఫ్రెట్‌లెస్ చేద్దామనే ఆశ మనలో చాలామందికి ఉంటుంది, గమకాలు పలుకుతాయి కదా. బేసిస్ట్ జాకో పస్టోరియస్ జాజ్ బేస్ కూడా అలాంటిదే. మెట్లు తీసిన గాడులు పూడ్చి, పడవలకి వాడే ఎపాక్సీ పూశాడు. మీరు మాత్రం రెండో బేస్ కొన్నాక చేయండి.

ఇక ఊరి వాతావరణం. ఏప్రిల్, మే ఎండల్లో మెడ వెనక్కి వాలి తీగలు మెట్లకి దగ్గరవుతాయి, మోతలు మొదలవుతాయి. జులైలో తడి పట్టి ముందుకు వంగుతుంది, తీగలు ఎత్తవుతాయి. ఉగాదికి ఒకసారి, వానలు కుదురుకున్నాక ఒకసారి విజిటింగ్ కార్డుతో చూసి పావు చుట్టు తిప్పుకుంటే చాలు. ఆఫీసు పార్కింగ్‌లో ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్ అయితే వాయించాక జాక్ పీకేయండి. ప్లగ్ ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

విప్పిన పాత పాట్లు, పాత పిక్‌గార్డ్, ప్రతి స్క్రూ ఒక జిప్ కవర్లో వేసి బ్యాగు జేబులో ఉంచండి. బాగుచేసిన బేస్‌కి సెకండ్ హ్యాండ్‌లో ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వరు. అమ్మే రోజున పాతవి బిగించేసి, మీవి మీరు తీసేసుకోండి. సరిచేసిన మెట్లు మాత్రం కొన్నవాడికే.